పాత బండి అత్యవసర నిధి కాదు

ప్రశ్న: అనంతపురంలో ప్రైవేటు ఉద్యోగం. జీతం రూ.58 వేలు, ఇంటి ఖర్చు రూ.38 వేలు. ఊళ్లో నాన్న వేరుశనగ వేస్తారు. బెంగళూరులో ఒకాయన ఎంతో శ్రద్ధగా చూసుకున్న 1975 నాటి ఇటలీ బైకు, మోటో గూజీ 850 టీ3ని రూ.9 లక్షలకు అమ్ముతున్నారు. బ్యాంకులోని రూ.1.5 లక్షలకు తోడు నా భార్య నగలు కుదువపెట్టి రూ.3 లక్షలు, నాలుగేళ్ల వ్యక్తిగత రుణం రూ.4.5 లక్షలు తీసుకుని కొనాలనుకుంటున్నాను. అవసరమైతే అమ్మేయవచ్చు కదా?
- ఓ పాఠకుడు

జవాబు: మీ అభిరుచిని తప్పుపట్టను. గొలుసు బదులు షాఫ్ట్‌తో నడిచే, మూడు డిస్క్ బ్రేకులున్న ఆ బండి దూర ప్రయాణాలకే పుట్టింది. నా అభ్యంతరం మీ చివరి వాక్యం మీదే. ఊరి చివర ప్లాటు కొన్నవాళ్లూ నాతో ఇదే మాట అంటుంటారు.

ఆ అవసరం ఎలా వస్తుందో ఆలోచించండి. నాన్నగారిని రాత్రికి రాత్రి బెంగళూరు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే తెల్లారేసరికి డబ్బు కట్టాలి. యాభై ఏళ్ల ఇటలీ బండిని కొనే మనిషి ఆ పూట దొరకడు. దొరికినా ఇంజిను శబ్దం విని, కాగితాలు చూసి, విడిభాగాల సంగతి అడిగి, బేరం తెగేసరికి నెలలు పడుతుంది. మీ తొందర పసిగట్టాడంటే ధర నిర్ణయించేది అతడే.

ఇప్పుడు లెక్క చూడండి. రుణం 14 శాతానికి దొరికిందనుకుంటే నెల కిస్తీ దాదాపు రూ.12,300. నగల మీద 10 శాతం చొప్పున నెలకు వడ్డీయే రూ.2,500, తీసుకున్న అసలు మొత్తం అలాగే ఉంటుంది. నెలనెలా తప్పని ఖర్చు రూ.53 వేలకు చేరుతుంది. ఈరోజు మీకు ఆరు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధిగా రూ.2.28 లక్షలు చాలు. బండి కొన్న మర్నాడు రూ.3.17 లక్షలు కావాలి, బ్యాంకులో ఉండేది సున్నా! జీతం ఒక్క నెల ఆగితే ఏం చేస్తారు?

ఆ నగల సంగతి నాకు అసలు మింగుడుపడడం లేదు. వాన మొహం చాటేసిన ఏడు మీ కుటుంబాన్ని ఆదుకునేది అవే. సరదా కోసం వాటిని తాకకండి.

ఇంకొకటి. 2021 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయిస్తే రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతులు, ఇంధనం కోసమే రోడ్డెక్కాలి. నమోదు రుసుమే రూ.20 వేలు.

బ్యాంకులోని రూ.1.5 లక్షలకు నెలకు మిగిలే రూ.20 వేలను కలుపుతూ కదపకుండా దాస్తే నాలుగు నెలల్లో అత్యవసర నిధి నిండుతుంది. తర్వాత అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా, మీకు టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు అందే జీవిత బీమా) తీసుకోండి. ఆపై మిగిలింది బండి కోసం విడిగా నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి. అప్పు లేకుండా కొన్న రోజున నాకూ సంతోషమే. అమ్మకందారుకు మాత్రం ఇప్పుడు కొనలేనని ఈ వారమే చెప్పేయండి, బయానా కింద రూపాయి కూడా ఇవ్వకండి.