రౌండ్స్ పెట్టుకోండి, సెమీ క్రిస్మస్‌లు తగ్గించండి

ముందుగా అందరికీ వందనాలు. పెద్ద క్రైస్తవ కుటుంబాల్లో డిసెంబరు నెలంతా ఏమేం చేస్తారు, పిల్లలకి ఏ అలవాట్లు పెడితే నిలుస్తాయి అని అడిగారు. నేను గుంటూరు వైపు లూథరన్ ఇంటి ఆడపిల్లని. తాతయ్య మిషన్ బడిలో మాస్టారు. ఆయనకి ఎనిమిదిమంది పిల్లలు, వాళ్ళ పెళ్ళిళ్ళతో మా లూథరన్ సంఘం కాక మా ఇంటికి చుట్టమైన సంఘాలు, అంటే చర్చి శాఖలు, ఇంకో మూడు. డిసెంబరు గురించి మాట్లాడే హక్కు నాకు కాక ఇంకెవరికుంటుందండీ?

జవాబు ఒక్క ముక్కలో కావాలంటే పైన శీర్షికలోనే ఉంది: ఇంటింటికీ పాడుకుంటూ తిరిగే రౌండ్స్ పెట్టుకోండి, పండగకి ముందే చేసే సెమీ క్రిస్మస్ సభలు తగ్గించండి. తీరిక ఉన్నవాళ్ళు కింద చదవండి.

మా ఇంట్లో డిసెంబరంటే ముందు గొప్పలు చెప్పుకునే నెల. ఒంగోలు పెద్దమ్మ బాప్టిస్టుల ఆడపడుచు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేలోపు 1878 మొదలుపెట్టేది. కరువు తర్వాత గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం, వాళ్ళ మిషనరీ క్లౌ దొర కాలం, ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అనేది. తాతయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మా లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు 1842లో గుంటూరొచ్చి మా పని మొదలుపెట్టేనాటికి మీ క్లౌ దొరకి ఆరేళ్ళమ్మా, పలక పట్టుకునే వయసు" అనేవారు. మెదక్ పిన్ని వాళ్ళది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. ఆవిడ ఊరుకుంటుందా? వాళ్ళ గుడి ప్రతిష్ఠే 1924 డిసెంబరు 25న. కరువులో జనానికి పని చూపించి, కూలికి బదులు తిండి పెట్టి పోస్నెట్ దొర కట్టించిన గుడి. "మా గుడి పుట్టినరోజూ క్రిస్మసే, మీ గుళ్ళకుందా?" అనేది. దానికీ తాతయ్య దగ్గర జవాబుంది. "మీ సీఎస్ఐ పుట్టిందే 1947లో, స్వాతంత్ర్యం వచ్చాక. కూర్చోమ్మా, చారు పోసుకో."

ఇక చిన్న మేనత్త. మాలోనే పుట్టి పెరిగినా పెళ్ళయ్యాక నక్షత్రం కట్టని సంఘంలోకి వెళ్ళింది. వాళ్ళకి నక్షత్రం లేదు, ట్రీ లేదు, నగా నట్రా లేదు, అసలు పండగే లేదు. "డిసెంబరు 25 అని బైబిల్లో ఎక్కడుంది, చూపించు" అనేది. నిజమే, ఎక్కడా లేదు. ఆ తేదీన పండగ చేసినట్టు కనిపించే మొదటి ఆధారం రోములో, అదీ 4వ శతాబ్దంలో. తాతయ్యకీ ఆ సంగతి తెలుసు. అందుకే అత్త దగ్గర మాత్రం ఆయన వాదన పెట్టుకునేవారు కాదు, లేచి నక్షత్రం పని చూసుకునేవారు. వెదురు బద్దలు చీల్చి, రంగురంగుల గాజు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి అడ్వెంటు (క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారానికల్లా డాబా మీదికి ఎక్కించాలి. మూలన సర్వి కొమ్మ. ఇప్పుడు దొరికే ప్లాస్టిక్ ట్రీలు పెట్టెలోంచి తీస్తే గొడుగులా విచ్చుకుంటున్నాయి. వాసన లేదు, ఆకు రాలదు. ఆకు రాలని చెట్టు కింద చీపురు పట్టే పని లేదు కాబట్టి పిల్లలకి దాంతో సంబంధమే లేదు.

అసలు చెప్పాలనుకున్న రాత్రికి వస్తాను.

మా వైపు 20వ తారీకు దాటాక రౌండ్స్ మొదలయ్యేవి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. యవ్వనస్తులు, సండే స్కూల్ పిల్లలు, వెనక అయ్యగారు, హార్మోనియం, కంజీర, తాళాలు. ఇంటింటికీ వెళ్ళి గుమ్మం ముందు పాడతారు. ఏ ఇంటికి ఎన్నింటికి వస్తారో ఎవరికీ తెలియదు. మా ఇల్లు ఊరి చివర కాబట్టి మా వంతు వచ్చేసరికి మూడు దాటేది. వచ్చేది అపరాత్రి అని తెలుసు కనుక నాయనమ్మ అరిసెల పని కూడా ఆ రాత్రికే పెట్టుకునేది, ఎటూ మేలుకునే ఉంటాం కదా అని.

ఆ ఏడు నాయనమ్మ మోకాళ్ళు పట్టేశాయి. చిన్నత్త దిగింది. గుమ్మంలోనే "పండక్కి కాదు, అమ్మకి సాయానికి వచ్చా" అని అందరికీ వినపడేలా చెప్పి, కొంగు బిగించి పొయ్యి దగ్గర కూర్చుంది. ముందు రోజు నానేసిన బియ్యం వడేసి, తడి ఆరకుండానే దంచి, జల్లించి గుడ్డ కప్పి ఉంచారు. బెల్లం పాకం అత్త చేతిలో ఉంది. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ రావాలి. రాకపోతే ఇంకా లేత. టంగుమని మోగిందంటే ముదురు, ఆ అరిసెలు నమలడానికి కుక్కలు కావాలి.

సరిగ్గా పాకం దగ్గరపడుతుండగా వీధిలో తాళాలు మోగాయి. పాట మొదలైంది. మొదటి చరణం అయిందో లేదో కరెంటు పోయింది. నక్షత్రం ఆరిపోయింది. పాడేవాళ్ళ దగ్గరున్న పెట్రోమాక్స్ అంతకుముందు ఇంట్లోనే మాంటిల్ రాలి మూలపడిందట. కీర్తనల పుస్తకం కనపడదు. హార్మోనియం అతను వేళ్ళ గుర్తుతో రాగం లాగుతున్నాడు గానీ రెండో చరణం ఎత్తుకోవడానికి ఒక్కరికీ మాట రావడం లేదు. అయ్యగారు దగ్గారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. తాతయ్య అరుగు మీద నిలబడి, మాస్టారు కదా, ఎవడికీ అప్పజెప్పడం రాలేదన్నట్టు చేతికర్ర నేలకేసి కొట్టారు.

అప్పుడు వంటింట్లోంచి రెండో చరణం వచ్చింది. చిన్నత్త గొంతు. కళ్ళు పాకం మీదే ఉన్నాయి, చేత్తో తిప్పుతూనే ఉంది, లేవలేదు, బయటికి చూడలేదు. ఆమె ఎత్తుకోగానే ఒంగోలు పెద్దమ్మ అందుకుంది, మెదక్ పిన్ని అందుకుంది, బయట మగవాళ్ళు అందుకున్నారు. పొయ్యి వెలుతురు తప్ప దీపం లేని ఆ ఇంట్లో మూడో చరణం, నాలుగో చరణం కూడా ఆవిడే ఎత్తి ఇచ్చింది. ఆమెన్ అయిపోగానే, "పిండి పొయ్యండే, ముదిరిపోతోంది" అని కేకేసింది.

ఆ సంగతి తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ మర్నాడే బస్సెక్కేది. ఎక్కలేదు గానీ గుడికీ రాలేదు. 25 తెల్లవారుజామున మేమంతా ఆరాధనకి వెళ్తుంటే కజ్జికాయలు వత్తుతూ ఉండిపోయింది. ఆవిడ పట్టు ఆవిడది. నాకు తెలిసి మా నాలుగు సంఘాలూ ఒకే కప్పు కింద కలిసి ఏదైనా చేశాయంటే ఆ మూడు చరణాలే. ఏ ఐక్య క్రిస్మస్ సభలోనూ ఆ పని జరగదని రాసిస్తాను.

ఎందుకంటే ఇప్పటి సభలు చూడండి. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్. ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంట్లో ఒకటి, స్త్రీల సమాజానికొకటి, యవ్వనస్తులకొకటి, పార్టీ నాయకుడి తరఫున ఇంకొకటి. ప్రతిదానికీ కేకు, శాలువా, "రెండే రెండు మాటలు" అని అరగంట ప్రసంగం, బిర్యానీ పొట్లం. 25 వచ్చేసరికి పిల్లలకి కేకంటే మొహం మొత్తి ఉంటుంది. అడ్వెంటు నాలుగు ఆదివారాలూ ఎదురుచూడమని పెట్టినవి. మనం వాటిని బఫేకి వాడుకుంటున్నాం.

రౌండ్స్ కూడా మారాయి. ట్రాలీ ఆటో, దాని మీద సౌండు బాక్సులు, రికార్డు పాట, పక్కన శాంతా క్లాజు వేషంలో చెమటలు కక్కుతున్న కుర్రాడు. గుమ్మం ముందు ఎవరూ నోరు తెరవరు. మా రోజుల్లో ధనుర్మాసం కూడా అప్పుడే కదా, మేం తెల్లవారుజామున పాడుకుంటూ తిరిగొచ్చేసరికి వీధి పొడవునా ఆడవాళ్ళు కళ్ళాపి చల్లి ముగ్గులేస్తూ ఉండేవాళ్ళు. "ఒరేయ్, చుక్కలు తొక్కకండర్రా, పక్కనుంచి పాడుకోండి" అని తిట్టేవాళ్ళు. తిడుతూనే ఇంకో పాట ఏదో అడిగి పాడించుకునేవాళ్ళు. ఈ ఆటో వస్తే వాళ్ళు తలుపులేసుకుంటున్నారు. తప్పు వాళ్ళదంటారా?

సరే, మీరడిగినదానికి వస్తాను. ఇప్పుడు మేం చేసేది ఇదీ. తాతయ్య లేరు, పెద్దిల్లు అమ్మేశారు, తమ్ముడి అపార్ట్‌మెంట్లో కలుస్తాం. మొదటి అడ్వెంటు ఆదివారం పిల్లల చేతే నక్షత్రం కట్టిస్తాం, వంకరగా ఉన్నా సరే అదే వేలాడుతుంది. ఒక్కో ఆదివారం ఒక్కో కీర్తన పుస్తకం చూడకుండా నేర్పుతాం, అన్ని చరణాలూ. దీనికి మాత్రం మినహాయింపు లేదు, ఇంటర్ చదివేవాళ్ళకి కూడా. కాలేజీవాళ్ళు క్రిస్మస్ ముందు రోజు దాకా టెస్టులు పెడతారు, అదొక ఖర్మ. అరిసెలు ఇంట్లోనే, పిండి మాత్రం మరకి. ఆ పెద్ద పళ్ళేలు పక్క ఫ్లాట్లకి వెళ్తాయి, సంక్రాంతికి అవే పళ్ళేలు వాళ్ళ అరిసెలతో తిరిగొస్తాయి. ఎవరి పాకం బాగుందో ఫిబ్రవరి దాకా చర్చ.

31 రాత్రి ఎవరి సంఘానికి వాళ్ళు వెళ్ళి వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని ఇచ్చే బైబిలు వాక్యం) తెచ్చుకుంటారు, 1న అందరివీ గట్టిగా చదివించి, తర్వాత భోజనం.

మధ్యలో ఒక రాత్రి, 22నో 23నో, చుట్టాల ఇళ్ళన్నీ తిరుగుతాం. మైకు లేదు, ఫోన్లో పాటలు లేవు. కారుల్లో వెళ్ళినా వీధి మొదట్లోనే దిగి నడుస్తాం. కాలనీవాళ్ళతో గొడవ వద్దని పదకొండుకల్లా ముగిస్తాం, మూడు గంటల రౌండ్స్ ఇక రావు.

మీరూ పెట్టుకునేట్టయితే రెండు జాగ్రత్తలు. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో పెద్దవాళ్ళని అడక్కండి, అడిగితే డిసెంబరు అయిపోతుంది గానీ లెక్క తేలదు. ఆ రోజు పాలు ఎక్కువ పోయించుకుని అల్లం టీ రెండు గిన్నెల్లో పెట్టండి, ఒకటి పంచదార లేకుండా. పాడేవాళ్ళలో సగం మందికి ఇప్పుడు షుగరు.