పదిహేనేళ్ళ హాకీ ఆటగాడు, డ్రాఫ్ట్ టెన్షన్: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మాది తెనాలి. పన్నెండేళ్ళుగా కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి నవంబరులో పదిహేను నిండాయి. పిల్లల హాకీలో పైదైన ట్రిపుల్ ఏ స్థాయిలో ఐస్ హాకీ ఆడుతున్నాడు, ఫార్వర్డ్. ఈ సీజన్ అయ్యాక ఓహెచ్ఎల్ (ఒంటారియో జూనియర్ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా పిల్లల్ని ఎంచుకునే రోజు ఉంది. జట్ల కోసం ఆటగాళ్ళని వెతికే స్కౌట్లు వచ్చి చూస్తున్నారు కానీ టీమ్‌లో అందరికంటే మావాడే పొట్టి. ఆన్‌లైన్ ర్యాంకింగుల్లో వాడి పేరు లేదు. ఒక హాకీ అకాడమీవాళ్ళు తమ దగ్గర చేరిస్తే స్కౌట్ల కంట్లో పడతాడంటున్నారు. ఫీజు కట్టాలంటే ఇంటిమీద అప్పు తీసుకోవాలి. ప్రతి మ్యాచ్‌లో వాడి గోల్స్, అసిస్టులు ఎక్సెల్‌లో రాస్తాను, ఇంటికొచ్చేటప్పుడు కారులో తప్పులు చెబుతాను. వాడు ఏమీ మాట్లాడడు. ఓహెచ్ఎల్ మంచిదా, అమెరికా కాలేజీ హాకీ మంచిదా? కావాలంటే ఎక్సెల్ షీటు పంపుతాను.

జవాబు: షీటు పంపక్కర్లేదండీ.

మీరు పోలిక అడిగారు, అదీ చెబుతాను. కానీ ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఆట పేరు మారుతుంది, పరీక్ష పేరు మారుతుంది, లోపలి భయం మాత్రం ఒకటే. ఇన్నేళ్ళు తెల్లవారుజామున లేచి రింక్‌కి తీసుకెళ్ళాం, ఇన్ని వేల డాలర్లు పోశాం, ఆ రోజు వాడి పేరు పిలవకపోతే ఇదంతా ఏమైపోతుంది? ముందు దానికి జవాబు చెప్పనివ్వండి.

మీరు డ్రాఫ్ట్‌ని ఎంసెట్ ర్యాంకులా చూస్తున్నారు. మన రోజుల్లో ఎంసెట్‌కి పేపరు ఒకటే, కీ ఒకటే, వచ్చిన మార్కులకు వాదన ఉండేది కాదు. డ్రాఫ్ట్‌లో కీ లేదు. పదిహేనేళ్ళ పిల్లవాడు ఇరవై రెండేళ్ళకి ఎలా ఆడతాడో కొందరు పెద్దవాళ్ళు ఊహిస్తారు, అంతే. ఆ ఊహ పద్దెనిమిదేళ్ళ వయసులో జరిగే ఎన్‌హెచ్ఎల్ (అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లోనే తరచూ తప్పుతుంది. పావెల్ దత్సుక్‌ని 1998లో 171వ స్థానంలో తీసుకున్నారు. మరుసటి ఏడాది హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ది 210వ స్థానం. ఇద్దరూ డెట్రాయిట్ జట్టుకి స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్ఎల్ విజేత కప్పు తెచ్చారు. 2012లో మొట్టమొదట పిలిచిన పేరు నెయిల్ యాకుపోవ్‌ది. ఆరు సీజన్లకే ఎన్‌హెచ్ఎల్ వదిలి రష్యా లీగ్‌కి వెళ్ళిపోయాడు. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే కెనడాలోని సర్రీలో పుట్టిన అర్ష్‌దీప్ బైన్స్ ఉన్నాడు. ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. అతను 2021-22లో ఓహెచ్ఎల్ లాంటిదే అయిన పశ్చిమ జూనియర్ లీగ్‌లో 112 పాయింట్లతో (గోల్స్, అసిస్టులు కలిపి) అందరికంటే పైన నిలిచాడు. అప్పుడు ఎన్‌హెచ్ఎల్ జట్టు వాంకూవర్ పిలిచి సంతకం పెట్టించుకుంది. 2024లో ఎన్‌హెచ్ఎల్ మంచు మీద ఆడాడు.

ఇక ఎత్తు సంగతి. మీరు మామూలుగా రాసేసిన నవంబరు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇక్కడ వయసు గ్రూపులకి లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. అంటే మీవాడి పక్కన ఆడుతున్న ఫిబ్రవరి పిల్లవాడు తొమ్మిది నెలలు పెద్ద. ఆ వయసులో తొమ్మిది నెలలంటే కొన్ని అంగుళాల ఎత్తు, ఒక గడ్డం. కెనడా హాకీలో మొదటి మూడు నెలల్లో పుట్టిన పిల్లలే ఎక్కువగా ఎంపికవుతారని మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ 1980ల్లోనే చూపించారు. 2013లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇంకో మాట చెప్పింది. ఏడాది చివర్లో పుట్టినవాళ్ళని ఎన్‌హెచ్ఎల్ జట్లు వాళ్ళ ఆటకి తగినదానికంటే ఆలస్యంగా తీసుకుంటున్నాయట. కాబట్టి ర్యాంకింగులో మీవాడి పేరు లేకపోవడంలో కొంత భాగం క్యాలెండర్‌ది.

అదే క్యాలెండర్ మూడేళ్ళలో మీవైపు తిరుగుతుంది. ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌కి లెక్క సెప్టెంబరు 15. ఆ తేదీలోపు పద్దెనిమిది నిండినవాళ్ళే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఉంటారు. నవంబరు పిల్లవాడికి ఎదగడానికి ఇంకో పూర్తి సీజన్ దొరుకుతుంది. ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబరు 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పింది, 2016లో మొదటి పేరు అతనిదే.

మరి స్కౌట్ ఏం చూస్తాడు? ఒక షిఫ్ట్ తీసుకోండి, అంటే బెంచీ నుంచి దిగి ఆడే ఒక విడత, ముప్పావు నిమిషం. మూలలో ఉన్న పక్ (బంతి బదులు వాడే బిళ్ళ) కోసం మీవాడు వెళ్తున్నాడు. పక్ అందుకోకముందే భుజం మీదుగా వెనక్కి చూశాడా? వెనక ఎవరొస్తున్నారో, తనవాడు ఎక్కడున్నాడో ముందే తెలుసుకున్నాడా? పక్ పోగొట్టుకున్నాక చేతులు ఎగరేశాడా, తిరిగి పరుగెత్తాడా? అలిసిపోయినప్పుడు సమయానికి బెంచీకి వచ్చాడా? బెంచీ మీద కోచ్ మందలిస్తుంటే ముఖం ఎలా పెట్టాడు? ఇవన్నీ వాళ్ళ నోటుబుక్కులోకి ఎక్కుతాయి. ఒక్కసారి చూసి తేల్చరు, బాగా ఆడిన రోజూ ఆడని రోజూ చూస్తారు. మీ ఎక్సెల్‌లో వీటికి గడి లేదు.

గ్యాలరీలో ఎవరు అరుస్తున్నారో కూడా వాళ్ళకి తెలుసు. మీకు కోపం వచ్చినా సరే చెబుతాను. పదహారేళ్ళ పిల్లవాణ్ణి తీసుకుంటే జట్టు అతని ఇంటివాళ్ళతోనూ ఏళ్ళ తరబడి వేగాలి. రిఫరీని తిట్టే తండ్రి, బెంచీ వెనక నిలబడి సైగలు చేసే తండ్రి కొడుక్కే అడ్డం పడతాడు. ఇక ఆ కారు ప్రయాణం. తప్పులు చెప్పడానికి వాడికి కోచ్ ఉన్నాడు. ఆడిన అరగంటకి, ఒళ్ళు హూనమై ఉన్నప్పుడు మళ్ళీ మీ క్లాసు దేనికండీ? వాడు మాట్లాడడు అని మీరే రాశారు. పదిహేనేళ్ళ పిల్లవాడు ఇంట్లో మాట్లాడడం మానేస్తే డ్రాఫ్ట్ కంటే ముందు పట్టించుకోవలసింది అది. వచ్చే మ్యాచ్ నుంచి ఆకలేస్తోందా అని మాత్రం అడగండి.

అకాడమీ గురించి నా అనుమానాలు దాచుకోను. పొద్దున మంచు మీద ప్రాక్టీసు, తర్వాత క్లాసులు, మళ్ళీ జిమ్, అన్నీ ఒకేచోట. చూడటానికి చాలా బాగుంటుంది, కొందరికి నిజంగా పనికొస్తుంది కూడా. కానీ స్కౌట్ల కంట్లో పడతాడు అన్న మాట అమ్ముతున్నారంటే జాగ్రత్త పడాలి. మీరున్నది టొరంటో చుట్టుపక్కల. ఓహెచ్ఎల్ స్కౌట్లు వారం వారం తిరిగేదే ఆ రింకుల్లో. మీవాణ్ణి ఇప్పటికే చూస్తున్నారని మీరే అన్నారు. ఇక డబ్బిచ్చి కొనేదేముంది? వేసవిలో కూడా స్కేట్లు విప్పనివ్వని పద్ధతి కూడా నాకు నచ్చదు. నడుము, తుంటి నొప్పులు చెప్పే పిల్లలూ, ఆట పేరెత్తితే విసుక్కునే పిల్లలూ నా దగ్గరికి వస్తున్నారు. వేసవిలో వాడు క్రికెట్టో బాస్కెట్‌బాలో ఆడితే ఏ స్కౌటూ తప్పుబట్టడు. ర్యాంకింగుల వెబ్‌సైట్లు ఫోన్లోంచి తీసేయండి. జట్లు సొంత జాబితాలతో డ్రాఫ్ట్‌కి వస్తాయి.

పోలిక ఇప్పుడు. ఒకప్పుడు ఇది నిజంగానే గుండె దడ పుట్టించే ప్రశ్న. ఓహెచ్ఎల్‌లో ఆడితే అమెరికాలో పై స్థాయి, అంటే డివిజన్ వన్ కాలేజీ హాకీ తలుపు మూసుకుపోయేది. 2024 నవంబరులో అమెరికా కాలేజీ ఆటలని నడిపే ఎన్‌సీఏఏ ఆ నిబంధన మార్చింది, 2025 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. పశ్చిమ జూనియర్ లీగ్‌లో మెడిసిన్ హ్యాట్ జట్టుకి ఆడిన గేవిన్ మెకెన్నా ఆ ఏడాదే అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. కాబట్టి పదిహేనేళ్ళకే ఒక తలుపు ఎంచుకోవలసిన అగత్యం మీకు లేదు. అయితే జూనియర్ లీగుల నుంచి వయసులో పెద్ద ఆటగాళ్ళు వచ్చి చేరుతుంటే కాలేజీ జట్లలో చోటు గట్టి పోటీ అవుతుంది, అది గుర్తుంచుకోండి.

ఓహెచ్ఎల్‌లో సీజన్‌కి 68 మ్యాచ్‌లు, బస్సు ప్రయాణాలు, పరాయి ఊళ్ళో బిల్లెట్ కుటుంబం ఇంట్లో బస. కాలేజీలో మ్యాచ్‌లు దాదాపు సగమే, ఎక్కువగా వారాంతాల్లో. మిగతా రోజులు చదువు, జిమ్. ఒళ్ళు ఆలస్యంగా ఎదిగే పిల్లలకి ఆ తీరిక మేలు చేస్తుంది. ఓహెచ్ఎల్‌లో ఆడిన ప్రతి సీజన్‌కీ ఒక ఏడాది యూనివర్సిటీ ఫీజు, పుస్తకాల ఖర్చు ఇస్తారు. ఎప్పటిలోపు వాడుకోవాలి, ఎప్పుడు రద్దవుతుంది అన్నది ఒప్పందంలో చదివి, లాయరుకి చూపించి సంతకం పెట్టండి. కాలేజీ దారి కావాలంటే ఎన్‌సీఏఏ అడిగే పదహారు కోర్ సబ్జెక్టులు ఉన్నాయో లేదో స్కూల్ కౌన్సెలర్‌తో ఈ నెలలోనే సరిచూసుకోండి. వాడి పేరు పిలిచినా పిలవకపోయినా ఆ మార్కులు వాడివే.

ఇంటిమీద అప్పు మాత్రం వద్దు.

చివరగా ఒకటి. ఇంత పెద్ద ఉత్తరంలో మీ అబ్బాయి అన్న మాట ఒక్కటీ లేదు. పదహారేళ్ళకి ఇల్లు వదిలి వెళ్ళడం వాడికి ఇష్టమేనా? చదువులో వాడికి ఏది బాగుంటుంది? కారులో కాకుండా, ఆట లేని రోజు వాళ్ళ అమ్మని కూడా కూర్చోబెట్టుకుని అడగండి. వాడేమన్నాడో రాయండి, అప్పుడు రెండు దార్లనీ వాడికి సరిపోయేలా వివరంగా పోల్చి చెబుతాను.