చెల్లీ, బెంగళూరు బయలుదేరే ముందు ఇది చదువు

చెల్లీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మాయికి 30 వారాలకే కాన్పయిందని, బాబు 1,300 గ్రాములని, పసిపిల్లల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో ఉన్నాడని అన్నావు. వాణ్ని డాక్టర్లు, నర్సులు కనిపెట్టుకుని ఉంటారు. అమ్మాయిని చూసుకోవలసింది నువ్వే.

ఆరేళ్ల కిందట మా పెద్దదానికి ఇలాగే అయినప్పుడు నేనొక తప్పు చేశాను. మంచం పక్కన కూర్చుని "స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లొద్దంటే విన్నావా?" అన్నాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. బీపీ పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, ఉమ్మనీరు ముందే పోయినా నెలలు నిండకుండా కాన్పు అవుతుంది. చాలాసార్లు కారణం డాక్టర్లకూ అంతుపట్టదు. "ఇందులో నీ తప్పు లేదమ్మా" అని నువ్వు నోరు తెరిచి చెప్పు. తను నమ్మేదాకా మళ్లీ మళ్లీ చెప్పు. ఏడో నెల బిడ్డ బతుకుతాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ దక్కడనే పాత మాట ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపేయి. కడుపులో ఎన్నాళ్లు ఎక్కువుంటే బిడ్డకు అంత మేలు.

ఇంకో సంగతి. పచ్చి బాలింత గడప దాటకూడదని అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టకు. బిడ్డ అక్కడ, తను ఇక్కడ ఉంటే ఆ పిల్ల మనసు కుదుటపడదు. డాక్టరు సరేనంటే ఆటోలో మెల్లగా తీసుకెళ్లు.

"ధైర్యంగా ఉండు" అంటే ధైర్యం రాదు. నా బిడ్డకు నేను చేస్తున్నాను అనిపించే పని ఉండాలి. మొదటిది పాలు. రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా, రోజుకు ఎనిమిదిసార్లయినా పిండాలి. మొదట్లో ముర్రుపాలు చెంచాడు కూడా రాకపోవచ్చు. "ఇంతేనా" అని మాత్రం అనకు. అంత చిన్న బిడ్డకు ఆ చుక్కలే మందు. రాత్రి రెండింటికి అలారం మోగితే నువ్వూ లేచి పక్కన కూర్చో. పాలు పిండే పంపు కడిగే పని నువ్వు తీసుకో.

రెండోది కంగారూ కేర్. బిడ్డకు డైపరు, టోపీ, సాక్సులు మాత్రం ఉంచి, తల్లి గుండెల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా నిలువుగా పడుకోబెట్టి గుడ్డతో చుడతారు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారట. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే రోజుకు కనీసం 8 గంటలు చేయమంటోంది. ఎప్పుడు మొదలుపెట్టవచ్చో అమ్మాయి చేతే నర్సును అడిగించు. మా పిల్ల మొదటిరోజు వైర్లు చూసి చేతులు వణికి వద్దంది. నర్సు పడుకోబెట్టి వెళ్లిన కాసేపటికి బిడ్డ ఊపిరి నిదానించింది, మా పిల్ల ఊపిరీ నిదానించింది. కాన్పయ్యాక అది ఆకలి అన్నది ఆ పూటే. అల్లుడు కూడా చేయవచ్చు, అప్పుడు అమ్మాయి కాస్త నిద్రపోతుంది.

డాక్టరు రౌండ్స్‌కు వస్తే నువ్వు ముందుకు వెళ్లకు. అడగాల్సినవి రాసుకుని అమ్మాయినే అడగనివ్వు. "ఈరోజు ఎన్ని గ్రాములు పెరిగాడు?" అని చుట్టాలు ఫోన్ చేస్తే నువ్వే జవాబు చెప్పు, ఆ ఫోను తనదాకా పోనివ్వకు. పుట్టాక మొదట కొన్ని రోజులు ఏ బిడ్డయినా బరువు తగ్గుతాడు.

ఏడుపు వస్తే ఏడవనివ్వు. కానీ రెండు వారాలు దాటినా తేరుకోకపోయినా, బిడ్డను చూడాలనిపించడం లేదన్నా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇక్కడ బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రిలో తల్లీబిడ్డలను కలిపి ఉంచి చూసే వార్డు కూడా ఉంది. అక్కడికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారో అని ఆగకు.

ముందు బటన్లున్న కాటన్ నైటీలు నాలుగు తీసుకురా, కంగారూ కేర్‌కు అవే వీలు. రైలు ఎక్కగానే ఫోన్ చెయ్యి. మెజెస్టిక్‌లోని రైల్వే స్టేషన్‌కు మా అబ్బాయి వస్తాడు.

మీ అక్క