సివియర్ హీమోఫీలియా ఉన్న బాబుని బడికి పంపొచ్చా?

మీ మూడున్నరేళ్ల బాబుకి సివియర్ హీమోఫీలియా ఎ, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు తీవ్రంగా ఉందని తేలిందని, బడికి పంపాలంటే భయమని, అత్తగారేమో నీ వల్లే వచ్చిందంటున్నారని రాశారు. నాకు 36 ఏళ్లు. నాదీ అదే రకం, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ ఒక శాతం కూడా లేదు.

పంపండి. కాకపోతే వాడు "ఇక్కడ ఏదోలా ఉంది" అన్న రోజున ఆ మాట వెంటనే నమ్మండి.

మూడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం నా కుడి మోకాల్లో చీమలు పాకినట్టు, లోపల వెచ్చగా అనిపించింది. పైకి వాపేమీ లేదు. మర్నాడు స్కూల్లో ఆటల పోటీలు, మాన్పించేస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి మోకాలు ఉబ్బిపోయి చర్మం నిగనిగలాడుతోంది, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. మా ఊళ్లో అప్పుడు ఆ ఫ్యాక్టర్ ఇంజెక్షన్ దొరకదు. నాన్న నాలుగు గంటలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తే ప్లాస్మా ఎక్కించారు. ఆ కీలులోనే మళ్లీ మళ్లీ రక్తం చేరి, ఇప్పుడు ఆ కాలు పూర్తిగా మడవలేను. పెళ్లిళ్లలో కింద కూర్చుని పంక్తి భోజనం చేసి ఇరవై ఏళ్లు దాటింది.

అందుకే వాపు కనబడేదాకా ఆగకండి, ముందే ఫ్యాక్టర్ వేయించండి. తలకి దెబ్బ తగిలితే ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు. ఒకసారి జ్వరానికని ఒక డాక్టర్ నాకు తుంటికి సూది వేస్తే కండలో రక్తం చేరి పదిహేను రోజులు మంచం దిగలేదు. టీకాలు మాత్రం మానొద్దు, సన్న సూదితో చర్మం కింద వేయమని అడగండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, మీ ఫోన్ నంబర్‌తో టీచర్‌కి ఇవ్వండి.

ఇప్పుడు ఎమిసిజుమాబ్ అనే మందుంది. బ్లీడింగ్ రాకుండా వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి చర్మం కిందే వేస్తారు. ఖరీదెక్కువ. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఫ్యాక్టర్‌తో పాటు దీని గురించీ అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫీలియా కూడా ఉంది, సదరం లాంటి వైకల్య సర్టిఫికెట్‌కి అప్లై చేయండి.

ఇక అత్తగారి మాట. మా అమ్మా ఏళ్ల తరబడి ఆ మాట పడింది. జన్యువు తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చినా అది ఎవరి తప్పూ కాదు. దాదాపు మూడో వంతు కేసుల్లో కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. ఈ సంగతి డాక్టర్ నోటితోనే ఆవిడకి చెప్పించండి, ఈసారి ఆసుపత్రికి ఆవిడనీ వెంట తీసుకెళ్లండి.