కోతులు నిజంగా పేలే ఏరుతాయా? మనుషుల మాటేమిటి?

మీరు అడిగినవి మూడు. కోతులు ఒకదాని ఒళ్ళు ఒకటి చూసుకునేటప్పుడు నిజంగా పేలే ఏరుతాయా, మనుషుల్లో ఇలాంటిది ఉందా, గుడి దగ్గర కోతి మన జుట్టులో చెయ్యి పెడితే పెట్టనివ్వచ్చా. మూడోది చివర్లో చెప్తాను. నేను జంతుశాస్త్రం చదివినదాన్ని కాదు. తిరుపతిలో పుట్టి పెరిగాను కాబట్టి కోతులు అలవాటు, ఆ తర్వాత ఆసక్తి కొద్దీ చదువుకున్నది కొంత. కాలేజీ చదువంతా ఆడపిల్లల హాస్టల్లో సాగింది, ఈ జవాబులో సగం అక్కడిదే.

పేలు ఏరుతాయి, అనుమానం లేదు. జపాన్ కోతుల మీద 1993లో వచ్చిన పరిశోధనలో, అవి ఏరి నోట్లో వేసుకునేవాటిలో ఎక్కువ భాగం పేల గుడ్లే, అంటే ఈళ్ళే అని తేలింది. పిడుదులు, ఎండి పొట్టు లేచిన చర్మం, ఒంటికి అంటుకున్న చెత్తా ఏరతాయి. అయితే శుభ్రం ఒక్కటే పని అయితే కొన్ని జాతులు రోజులో ఐదో వంతు దాకా దీనికే ఎందుకు పెడతాయి? తిండి వెతుక్కోవాలి, పిల్లల్ని చూసుకోవాలి, కుక్కల కంట పడకుండా ఉండాలి. అంత టైమ్ పెడుతున్నాయంటే ఇంకేదో గిట్టుబాటు ఉండాలి కదా.

కపిలతీర్థం దగ్గర మధ్యాహ్నం పూట కాసేపు కూర్చుని చూడండి. ఒక కోతి వచ్చి ఇంకోదాని ముందు పక్కకి ఒరిగి, చెయ్యెత్తి చంక చూపిస్తుంది. అడగడం అంతే. రెండోది ఒక చేత్తో వెంట్రుకలు ఎదురు దువ్వుతూ, రెండో చేతి వేళ్ళతో గిల్లి తీసి నోటి దగ్గర పెట్టుకుంటుంది. మధ్యమధ్యలో పెదాలు టపటపలాడిస్తుంది, అది కోతుల భాషలో 'భయపడకు' అనడం. చూపించుకునేది కళ్ళు అరమోడ్చి, కాళ్ళూ చేతులూ వదిలేసి పడుకుంటుంది. ఇందాక కొబ్బరిచిప్ప కోసం పళ్ళు చూపించుకుని అరుచుకున్నవీ ఇవేనా అనిపిస్తుంది.

ఆ మత్తుకి కారణం ఉంది. టలపోయిన్ అనే చిన్న ఆఫ్రికా కోతుల్లో, ఒళ్ళు చూపించుకున్నాక మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో బీటా-ఎండార్ఫిన్ పెరుగుతుందని 1989లో కొలిచి చూపించారు. అది శరీరం తనంతట తాను తయారు చేసుకునే నల్లమందులాంటిది. నాకు ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. బార్బరీ మకాక్ అనే కోతుల మీద 2007లో వచ్చిన పరిశోధన ప్రకారం, టెన్షన్ హార్మోన్లు తక్కువగా ఉన్నది ఎక్కువగా చేయించుకున్నవాటిలో కాదు, ఎక్కువగా చేసినవాటిలో.

కానీ దీన్ని ప్రేమ అని సరిపెట్టేస్తే సగం కథే. ఎవరు ఎవరికి చేస్తున్నారో చూస్తే గుంపులో ఎవరి స్థానమేమిటో తెలిసిపోతుంది. చాలా జాతుల్లో కింది స్థాయి ఆడకోతులు పై స్థాయి వాటికి చేయడానికి పోటీ పడతాయని రాబర్ట్ సైఫార్త్ అనే శాస్త్రవేత్త 1977లోనే రాశాడు. తర్వాత డొరొతీ చెనీతో కలిసి ఆఫ్రికా వెర్వెట్ కోతులకు వాటి అరుపుల రికార్డింగులు వినిపించి చూశారు. కాసేపటి కిందట తన ఒళ్ళు చూసిన కోతి సాయం కోసం అరిస్తే, చుట్టరికం లేకపోయినా మామూలు కంటే ఎక్కువసేపు అటు చూస్తాయి. చేసిన చాకిరీ చేబదులులా లెక్కలో ఉంటుందన్నమాట. మన తిరుపతి కోతుల జాతి, అదే బానెట్ మకాక్‌ల మీద అనింద్య సిన్హా 1998లో రాసిన వ్యాసం ఇంకా బాగుంటుంది. రెండు ఆడకోతులు కూర్చుని ఒళ్ళు చూసుకుంటూ ఉండగా వాటికంటే పెద్ద స్థాయిది దగ్గరికి వస్తే, సాధారణంగా ఆ రెండింట్లో కింది స్థాయిదే లేచిపోతుంది. అంటే ఎవరికెవరు పెద్దో వాటికి బాగా తెలుసు.

ఇది చదివినప్పుడు నాకు మా హాస్టల్ మెట్లే కనిపించాయి. ఆదివారం తలస్నానాలయ్యాక అందరం మెట్ల మీద చేరేవాళ్ళం, పై మెట్టు అమ్మాయి చేతిలో కింది మెట్టు అమ్మాయి తల, ఆమె చేతిలో ఇంకో మెట్టు కింది తల. చలికాలమైతే గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టి ఉండేది. పేల దువ్వెన, ఒళ్ళో పరుచుకోవడానికి పాత చున్నీ, గోళ్ళ మధ్య 'టిక్'మనే చప్పుడు. పైకి అందరం సమానమే. కానీ జూనియర్ వెళ్ళి "అక్కా, జడ వేయనా?" అని అడగడం రోజూ ఉండేది, సీనియర్ వచ్చి జూనియర్‌ని అలా అడగడం నేనైతే చూడలేదు. నేను నా రూమ్మేట్ తల చూస్తుండగా సీనియర్ అక్క వచ్చి నిలబడితే, ఏమీ అనకుండానే మా ఇద్దరిలో చిన్నది లేచేది. దానికి బదులు ఏం దొరికేదంటారా? పొద్దున్నే బాత్రూం దగ్గర బకెట్ల వరుసలో గొడవైతే "ఆ బకెట్ మా పిల్లది, ముట్టుకోకండి" అనే ఒక గొంతు. నీళ్ళు గంటసేపే వచ్చే చోట అది చిన్న సంగతేం కాదు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరికిందని, కొందరు అక్కలు జడతో ఆగక బట్టలు కూడా ఉతికించుకునేవాళ్ళు, అది వేరే కథ.

రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1990లలో ఒక వాదన తెచ్చాడు, చాలామంది వినే ఉంటారు. మనిషి గుంపులు నూట యాభై మంది దాకా పెరిగేసరికి అందరి ఒళ్ళూ చూస్తూ కూర్చోవడానికి రోజు చాలదు, అందుకని ఆ పని కబుర్లు తీసుకున్నాయి, ఒకేసారి ముగ్గురు నలుగురితో మాట్లాడొచ్చు, చేతులు ఖాళీగా ఉంటాయి అని. టైమ్ లెక్క వరకు ఒప్పుకుంటాను. చేతి పనిని నోరు తీసేసుకుందంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. మా మెట్ల మీద రెండూ కలిసే నడిచేవి, నిజానికి చెయ్యి కదిలితేనే నోరు కదిలేది. తల వంచుకుని కూర్చున్న పిల్లకి వెనకున్న మనిషి ముఖం కనబడదు. ఎదురెదురుగా అయితే నోరు పెగలని మాటలు అప్పుడు వచ్చేవి. ఇంట్లో ఇష్టం లేని సంబంధం ఖాయం చేశారని ఒకమ్మాయి, నాన్న ఫీజు డబ్బులు తాగేశాడని ఇంకొకమ్మాయి చెప్పింది అలాగే. వింటున్న మనిషి వేళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలేవి, అంతకు మించి ఓదార్పు ఉండేది కాదు. ఇప్పుడు మా అమ్మాయిని "కాలేజీలో ఏమైందే?" అంటే "ఏం లేదు" అంటుంది. నూనె సీసా తీసుకుని వెనక కూర్చుంటే అడక్కుండానే మొదలుపెడుతుంది.

చర్మంలో దీనికోసమే అన్నట్టు కొన్ని నరాలు ఉన్నాయి. వెంట్రుకలుండే చర్మం మీద సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరితే ఇవి బాగా స్పందిస్తాయి. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు వీపు నిమిరే వేగం కూడా ఇంచుమించు అదే, ఎవరూ కొలిచి నేర్పలేదు. పెళ్ళిలో నలుగు పెట్టడం, సెలూన్‌లో మగవాళ్ళు కటింగ్ అయ్యాక కూడా లేవకుండా తల మర్దన చేయించుకోవడం, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. సెలూన్‌లో ఊరి రాజకీయాలన్నీ ఎందుకు తెలుస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇది కోతుల్లో, మనుషుల్లో మాత్రమే కాదు. మా అత్తగారింట్లో పక్కపక్కనే కట్టేసే రెండు ఆవుల్లో ఒకటి మెడ చాచి నిలబడేది, రెండోది గంగడోలు దాకా నాకేది. మొదటిది తన నాలుక అందని చోటే పక్కదానికి అందించేది. గుర్రాలు ఎదురెదురుగా నిలబడి మెడ మొదట్లో, మూపు దగ్గర పళ్ళతో గోకుకుంటాయి. సరిగ్గా అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లో ఫ్రాన్స్‌లోని కామార్గ్ గుర్రాల మీద చూపించారు.

ఇక కోతి మీ జుట్టులో చెయ్యి పెట్టడం. వీడియోకి బాగుంటుంది గానీ పెట్టనివ్వకండి. దాని దృష్టిలో అది మీతో కుదుర్చుకునే సంబంధమైతే, మధ్యలో మీరు చటుక్కున కదిలినా, పళ్ళు కనబడేలా నవ్వినా అది వేరేలా అర్థం చేసుకుంటుంది, కరవడానికి అంతే చాలు. చేతిలో అరటిపండు ఉంటే చెప్పే పనే లేదు. కరిచినా, గోరు గీరి రక్తం వచ్చినా పసుపూ సున్నం పెట్టొద్దు. ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగండి. కుక్క కాదు కదా అని వదిలేయొద్దు.