నది ఒడ్డున అద్దె ఇల్లు, తీసుకోమనాలా?

ప్రశ్న: అల్లుడికి అమెరికాలో, టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో ఉద్యోగం. అక్కడికి దగ్గర్లో న్యూ బ్రౌన్‌ఫెల్స్ అనే చిన్న ఊళ్లో, నది పక్కనే అద్దె ఇల్లు చూశారు. అమ్మాయికి తెగ నచ్చేసింది. 2015 వరదలో మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి, నది అంటేనే నాకు భయం. వద్దని చెప్పనా?
– ఒక తల్లి, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అమ్మా, ఊరు వద్దనకండి, ఆ ఇంటి సంగతి మాత్రం అడగాల్సినవి అడిగాకే తేల్చమనండి. 1845లో జర్మన్లు వచ్చి కట్టుకున్న ఊరు అది. అక్కడి కోమల్ నది ఊళ్లోనే ఊటల్లో పుట్టి, నాలుగు కిలోమీటర్లు పారి, ఊళ్లోనే గ్వాడలూప్ నదిలో కలిసిపోతుంది. అమ్మాయికి నచ్చిందంటే నచ్చదా మరి!

కానీ మీ భయం ఉత్త భయం కాదు. ఆ నదుల ఎగువన ఉన్నవి సున్నపురాయి కొండలు, పైన మట్టి పలచన, పెద్ద వాన పడితే నీరు ఇంకే దారి లేక ఒక్కసారిగా నదిలోకి దూకుతుంది. 2025 జులై 4 తెల్లవారకముందే గ్వాడలూప్ ఎగువన కెర్ కౌంటీలో వచ్చిన వరదకు వందమందికి పైగా చనిపోయారు. న్యూ బ్రౌన్‌ఫెల్స్‌కి పైన కాన్యన్ డ్యామ్ ఉంది కదా అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మేయొద్దు, ఎందుకంటే 1998 అక్టోబరులో వాన డ్యామ్‌కి కింద పడింది, డ్యామ్ ఉన్నా ఊరు మునిగింది. నది ఎంత దూరం అన్నది కాదు, ఇల్లు ఎంత ఎత్తులో ఉందన్నదే చూడాలి. ఆ మాట వేళచ్చేరిలో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు.

అక్కడ మనకు లేని సౌకర్యం ఒకటుంది. 2022 జనవరి నుంచి టెక్సస్‌లో అద్దెకిచ్చే ఓనరు, ఇల్లు వరద ముంపు ప్రాంతంలో ఉందో లేదో, గత ఐదేళ్లలో నీళ్లొచ్చి నష్టం జరిగిందో లేదో తనకు తెలిసినంతవరకు కాగితం మీద రాసివ్వాలి. అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే అది అడగమనండి, దాంతో ఆగకుండా ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపులో అడ్రసు కొట్టి చూడమనండి, ఉచితమే. చుట్టుపక్కల పాత కాపురస్థులని కూడా అడిగితే ఇంకా మంచిది, మ్యాపులో లేనిది వాళ్లు చెబుతారు.

అద్దెవాళ్ల ఇన్సూరెన్సు ఉందిగా అనుకుంటారు చాలామంది, మామూలు పాలసీ వరద నష్టానికి పైసా ఇవ్వదు. సామాన్లకి వరద పాలసీ వేరేగా తీసుకోవాలి. ప్రభుత్వ పాలసీ అయితే సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, కాబట్టి మబ్బు పట్టాక కొంటే లాభం లేదు.

అడ్వాన్సు గురించి టెన్షన్ పడకండి, ఇక్కడిలా పది నెలలది అడిగేవాళ్లు అరుదు. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు రాసిస్తే 30 రోజుల్లో తిరిగివ్వాలి, పట్టుకున్నదానికి లెక్క చెప్పాలి. కారు మాత్రం తప్పదు, సాన్ ఆంటోనియో యాభై కిలోమీటర్లు.

ఆ కారుతోనే ఒక జాగ్రత్త, వాగు రోడ్డు మీదుగా పారుతుంటే ఎంత ఆఫీసు తొందరైనా వెనక్కి తిప్పేయమనండి, ఆ ప్రాంతంలో కార్లలో కొట్టుకుపోయినవాళ్లు చాలామంది. ఫోన్లో హెచ్చరికలు రాత్రిపూట ఆపేయొద్దని చెప్పండి. ఓనరు ఇచ్చిన కాగితంలో ఏముందో తెలిశాక మళ్లీ రాయండి, చూద్దాం.