కాలవగట్టు పిల్లలకి ఏం కొనాలి

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఇంట్లో కాలు నిలవని పిల్లలకి సంక్రాంతికి ఏం కొనాలని అడిగావు. కొట్టుకెళ్లే ముందు రెండు ఆదివారాలు వాళ్లని ఊరికే గమనించు. పెద్దాడు నీళ్ల దగ్గరికి పోతున్నాడా, చెట్ల మీదికి చూస్తున్నాడా? చిన్నది మట్టిలో కూచుంటోందా, పురుగుల వెంట పడుతోందా? వాళ్లు ఇప్పటికే చేస్తున్న పనికి అక్కరకొచ్చేదే కొను. మనకి ముచ్చటేసింది కొంటే నాలుగు రోజుల్లో అటకెక్కుతుంది.

ఇంకో మాట. ఆటబొమ్మ కాకుండా నిజమైన పనిముట్టే కొను, కాకపోతే చిన్న సైజుది. ప్లాస్టిక్ పార మన బంకమట్టిలో దిగదు. ప్లాస్టిక్ అద్దాల బైనాక్యులర్‌లో కొంగ కూడా మసగ్గానే కనిపిస్తుంది. అలాంటప్పుడు పిల్లలు వస్తువు మంచిది కాదనుకోరమ్మా, తమకే చేతకాలేదనుకుంటారు. తర్వాత దాని జోలికే పోరు.

పెద్దాడికి పిట్టలంటే ఇష్టమని రాశావు కాబట్టి బైనాక్యులర్ గురించి వివరంగా చెబుతాను. దాని మీద 8×21 అనో 8×30 అనో ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం అడ్డకొలత, మిల్లీమీటర్లలో. పదేళ్లవాడికి 6 లేదా 8 రెట్లు చాలు. 10 రెట్లది కొంటే చెయ్యి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, పిట్ట ఒకచోట నిలవదు. ముందు అద్దం పెద్దదైతే వెలుతురు బాగుంటుంది కానీ బరువు పెరుగుతుంది. 8×42 అరకేజీ దాటుతుంది, ఆ మెడకి అంత బరువు వద్దు. జూమ్ ఉన్నవీ, ముందు అద్దాలు ఎర్రగా మెరిసేవీ ముట్టుకోకు.

చాలామంది చూడని సంగతి కళ్ల మధ్య దూరం. పెద్దవాళ్ల కోసం చేసిన వాటిలో చాలామటుకు 56 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాయి, అంతకంటే ముడుచుకోవు. పిల్లల కళ్లు ఇంకా దగ్గరగా ఉంటాయి. అందుకే వాళ్లకి రెండు గుండ్రాలు విడివిడిగా కనబడి, ఒక కన్ను మూసుకుని చూడటం అలవాటవుతుంది. కాబట్టి పిల్లాణ్ణి వెంటబెట్టుకునే వెళ్లు. కొట్టు గుమ్మంలో నిలబెట్టి వీధి చివరి కరెంటు స్తంభాన్ని చూడమను. "ఒక్క గుండ్రం కనిపిస్తోందా, రెండా?" అని అడుగు. కళ్ల దూరం సరిపెట్టినా స్తంభం రెండుగా కనబడితే లోపలి అద్దాలు వంకర పోయాయని లెక్క, అది వద్దు.

ఇంటికొచ్చాక సరిచేసే పద్ధతి ఇది. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి స్పష్టంగా వచ్చేదాకా చూడాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రాన్ని ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరున్న రింగు తిప్పాలి. ఆ రింగు ఎక్కడ ఆగిందో పెన్నుతో గుర్తు పెట్టు. అక్కణ్ణుంచి మధ్య చక్రం ఒక్కటే వాడితే చాలు. పిట్టని పట్టుకోవడం కూడా నేర్పాలి. కళ్లు పిట్ట మీదే ఉంచి బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి ఎత్తాలి. తల వంచి అద్దాల్లోకి చూస్తూ వెతికితే దొరకదు. మొదటి వారం కొబ్బరి గెలలు చూడనీ, ఆపైన తీగ మీది పాలపిట్టని, చేను గట్టున కదలకుండా నిలబడే గుడ్డికొంగని చూడనీ. లకుముకిపిట్టకి తొందరేం లేదు. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, చూపే పోతుంది. ఈ మాట మొదటిరోజే చెప్పు.

మన దగ్గర చెమ్మ ఎక్కువ. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే వానాకాలం అయ్యేసరికి అద్దాల లోపల బూజు సాలెగూడులా పాకుతుంది, అది తుడిస్తే పోదు. గట్టి మూత డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా గుళికల పొట్లాం వేసి అందులో ఉంచు. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చకి తిరిగితే మార్చెయ్. ఆ డబ్బా చిన్నదానికి అందకూడదు. అంతర్వేది లాంటి సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్తే, తిరిగొచ్చాక పమిటచెంగుతో తుడవకు. ముందు మెత్తటి కుంచెతో ఇసుక దులిపి, ఆ తర్వాతే గుడ్డ పెట్టాలి. ఒక్క ఇసుక రేణువు చాలు అద్దం గీరుకుపోవడానికి.

కొన్న నెలలోపే వాణ్ణి ఒకచోటికి తీసుకెళ్లాలి. కాకినాడలో ఉన్నారు కాబట్టి కోరంగి మడ అడవి దగ్గరే. చెక్కబాట మీద నిలబడి, ఆటు సమయంలో బురద మీద గెంతే చేపల్నీ, ఒక పెద్ద డెక్కతో తిరిగే పీతల్నీ చూడొచ్చు. పోటు మీద వెళ్తే అవేవీ కనబడవు, నీళ్లే కనబడతాయి. వెళ్లేముందు ఆటుపోట్ల వేళలు కనుక్కో. చలికాలంలో ఒకరోజు కైకలూరు దగ్గర ఆటపాక వెళ్తే కొల్లేటి గూడబాతుల్ని తనివితీరా చూస్తాడు. బైనాక్యులర్‌తోపాటు ఒక గట్టి అట్ట నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు ఇవ్వు. పెన్ను సిరా తడికి పాకిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.

చిన్నదానికి అంత ఖర్చు అక్కర్లేదు. ఆరేళ్ల పిల్లకి 3 రెట్లు చూపించే, అరచేయంత భూతద్దం ఒకటి. 10 రెట్ల చిన్న అద్దం ఇప్పుడే వద్దు. దాన్ని కంటికి ఆనించి, ఆకుని రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తీసుకొస్తేనే కనబడుతుంది, ఆ ఓపిక ఎనిమిదేళ్లు దాటాక వస్తుంది. భూతద్దాన్ని ఎండలో వదిలితే కాగితం అంటుకుంటుంది, గుడ్డలో చుట్టి పెట్టించు. దీనికి జతగా టీ వడకట్టే జల్లెడని మూరెడు కర్రకి కట్టి, ఒక తెల్ల ప్లాస్టిక్ పళ్లెం ఇవ్వు. చెరువు అంచున నాచుని జల్లెడతో కదిపి, పళ్లెంలో వేళ్ల మందాన నీళ్లు పోసి అందులో బోర్లించాలి. తెలుపు మీద ప్రతి పురుగూ కనిపిస్తుంది. తూనీగ పిల్ల రెక్కల్లేకుండా, బురద రంగులో ఉంటుంది. వెనక నుంచి నీళ్లు చిమ్ముకుంటూ ముందుకి దూకుతుంది, కింది పెదవిని చెయ్యిలా చాచి ఎరని పట్టుకుంటుంది. పళ్లెం నీడలో ఉండాలి, అరగంటలో అన్నిటినీ అదే చెరువులో వదిలెయ్యాలి. పళ్లెంలో నీళ్లు త్వరగా వేడెక్కి అవి చచ్చిపోతాయి.

ఇక నీళ్ల సంగతి. డెల్టాలో గట్టు మీద తిరిగే పిల్లలకి ఏ బహుమతి కన్నా ముందు ఈత రావాలి. నన్నడిగితే ఈ ఏడు పెద్దాడికి ఈత నేర్పించడమే అసలు బహుమతి, బైనాక్యులర్ వచ్చే ఏడు కొన్నా పర్లేదు. దానితోపాటు మంచి లైఫ్ జాకెట్ కొను. లోపల అతికించిన చీటీలో ఎన్ని కేజీల వాళ్లకో రాసి ఉంటుంది, పిల్లాడి బరువు అందులో పడాలి. తొడిగి, బకిల్స్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగు. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే నీళ్లలో వాడు కిందికి జారిపోతాడు, అది పెద్ద సైజు. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకో. "పెరుగుతాడు కదా" అని ఒక సైజు ఎక్కువ కొనే అలవాటు చొక్కాలకి సరే, దీనికి పనికిరాదు. గాలి ఊదే చేతిరింగులు ఆట వస్తువులే, వాటిని నమ్ముకుని వదలొద్దు. జాకెట్ ఉన్నా లాకుల దగ్గర, తూముల దగ్గర దిగనివ్వకు. అక్కడ నీరు పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున లాగుతుంది.

గేలం కావాలంటాడు, ఇవ్వొచ్చు. కొట్లో రీలున్న గెడ కొనకు, దారం చిక్కుపడితే విప్పడానికే పొద్దు పోతుంది. రెండు మీటర్ల సన్న వెదురు గెడ, అంతే పొడవు నైలాన్ దారం, చిన్న గేలం ముల్లు, జీలుగు బెండు, ఒక చిన్న సీసం గుండు. అంతే సరంజామా. ముల్లు మీది వెనక్కి తిరిగిన మొన ఉంటుందే, దాన్ని కటింగ్ ప్లేయర్‌తో నొక్కి చదును చెయ్. వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది, చేప నోరూ చిరగదు. బెండు నీళ్లలో నిలువుగా నిలబడి వేలికొస అంత పైకి కనబడాలి. అడ్డంగా పడుకుందంటే గుండు అడుక్కి తగిలినట్టు, బెండుని ముల్లు వైపు కొంచెం జరుపు. మరీ పైకి తేలుతుంటే బెండు పెద్దదైందని, చిన్న చేప కొరికినా కదలదు. ఎరగా ఎర్రలు, అంటే వానపాములు చాలు. గుండుని నోటితో కొరకనివ్వకు, పట్టుకున్నాక చెయ్యి కడిగించు. జెల్ల చేపని తనంతట తను పట్టుకోకూడదు, పక్కముల్లు గుచ్చుకుంటే పొద్దంతా సలుపుతుంది. తెగిన దారం గట్టు మీద పారేస్తే కొంగల కాళ్లకి చుట్టుకుంటుంది, జేబులో వేసుకుని తెమ్మను.

మట్టిలో ఆడేదానికి కమ్మరి దగ్గర మట్టి తవ్వుకునే చిన్న తొలిక చేయించు. పిడి పిల్ల చేతి పిడికిలికి సరిపోవాలి, అంచు మరీ పదును వద్దు. కడియం నర్సరీ నుంచి పూలమొక్క ఒకటి తెచ్చినా, మొదటిసారి నాటడానికి తోటకూర, బెండ గింజలే మేలు. తోటకూర నెలలోపే కోతకొస్తుంది, పిల్లలకి అంతకంటే ఓపిక ఉండదు. బెండ గింజల్ని రాత్రి నానబెట్టాలి. ఉత్త బంకమట్టి ఎండితే బీటలు వారి మొలక విరుగుతుంది. మట్టి, ఇసుక, చివికిన పెంట సమపాళ్లలో కలుపు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవుంచకు, దోమలు చేరతాయి.

గాలిపటానికి నూలు దారమే. నైలాన్ మాంజాని 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించింది, అయినా పండగకి అమ్ముతూనే ఉంటారు. కొబ్బరితోటలో కాదు, కోత అయిన చేలో ఎగరేయించు, కరెంటు తీగల దగ్గర అసలే వద్దు. ఉండేలు ఎంత అడిగినా కొనకు. పిట్టల్ని చూడటం నేర్పుతూ కొట్టే వస్తువు చేతికివ్వడం పొసగదు. రాత్రిళ్లు గట్టు మీదికి వెళ్లే అలవాటుంటే తలకి పెట్టుకునే లైటు తప్పకుండా కొను, రక్తపింజర, కట్లపాము తిరిగే చోట అది అవసరం. వాడనప్పుడు సెల్స్ తీసెయ్, లేకపోతే కారి లోపలి రేకులు తుప్పు పడతాయి.

సైకిల్ గురించీ అడిగావు. పెడల్స్ విప్పేసి, సీటు దించి, కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లడం నేర్పిస్తే సైడు చక్రాల అవసరం రాదు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక చాలామంది ఎదురు తిప్పి మర పాడుచేస్తారు. సైజు వయసుని బట్టి చెప్పలేను. చిన్నదాన్ని చెప్పుల్లేకుండా గోడకి నిలబెట్టి, కాళ్ల మధ్య పుస్తకం ఆనించి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలువు. ఆ కొలత సెంటీమీటర్లలో రాసి పంపు, ఏ చక్రం కొనాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య